ఎడమ హెడ్‌లైట్ మసకగా వెలుగుతోంది, బల్బు మార్చినా అంతే. లోపం ఎక్కడ?

రాత్రిబాట:
నా కారుకు 11 ఏళ్లు. హాలోజన్ హెడ్‌లైట్లు, హెచ్4 బల్బులు. అంటే లో బీమ్, హై బీమ్ రెండూ ఒకే బల్బులో ఉంటాయి. నెల రోజులుగా ఎడమ దీపం చమురు అయిపోతున్న ప్రమిదలా ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. కుడివైపు ఏ లోపమూ లేదు.

ఎడమ బల్బు కొత్తది వేశాను. మార్పు లేదు. కుడి బల్బు తీసి ఎడమవైపు వేసి చూశాను. అదీ అక్కడికి వెళ్లగానే మసకబారింది. ఫ్యూజులు రెండూ బాగున్నాయి. చూపించిన చోట హెడ్‌లైట్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు. మార్చే ముందు కారణం తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను. నా ఉద్యోగం వల్ల వారానికి నాలుగు రోజులు చీకట్లోనే బండి నడపాలి. రోడ్డు ఎడమ అంచున నడిచి వెళ్లేవాళ్లు చాలా దగ్గరికి వచ్చేదాకా కనిపించడం లేదు. అదే నా భయం.

కొత్తచక్రం:
హాలోజన్ తీసేసి ఎల్‌ఈడీ బల్బులు వేస్తే సరిపోదా? తక్కువ కరెంటుతోనే ఎక్కువ వెలుతురు ఇస్తాయంటారు కదా.

తీగలమాస్టారు:
ఎల్‌ఈడీ సంగతి తర్వాత మాట్లాడదాం. రాత్రిబాట గారూ, మీరు బల్బులు అటూ ఇటూ మార్చి చూడటం చాలా మంచి పని. బల్బు నిర్దోషి అని అక్కడే తేలిపోయింది. యూనిట్ కూడా మార్చకండి. అందులో ఉండేది ముందు పారదర్శకమైన మూత, వెనుక వెలుతురును రోడ్డు మీదికి తిప్పే రిఫ్లెక్టర్, అంతే. రిఫ్లెక్టర్ పాడైతే రోడ్డు మీద పడే వెలుతురు తగ్గుతుంది గాని బల్బులోని తీగ ఎర్రబడదు. మీ బల్బే ఎర్రగా వెలుగుతోందంటే దానికి చేరే వోల్టేజీ తక్కువని అర్థం.

మీటరు అవసరం లేకుండా మూడు విషయాలు చూసి చెప్పండి. లో బీమ్ వెలుగుతుండగా పాసింగ్ లైటు కొడితే ఎడమ దీపం ఏం చేస్తోంది? లో బీమ్‌లో ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డులో హై బీమ్ నీలం గుర్తు కొద్దిగానైనా వెలుగుతోందా? ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ కూడా దానితోపాటు ఊగుతోందా? చీకటి పడ్డాక, గోడకు ఎదురుగా బండి నిలిపి చూడండి.

రాత్రిబాట:
మాస్టారూ, మీరు బండిని చూసి అడిగినట్టే ఉంది. పాసింగ్ కొడితే కుడివైపు కాంతి పెరుగుతోంది, ఎడమవైపు దాదాపు ఆరిపోతోంది. నీలం గుర్తు లో బీమ్‌లో కూడా సన్నగా వెలుగుతోంది. ఇన్నాళ్లూ దాన్ని గమనించనే లేదు. ఎడమ ఇండికేటర్ కొట్టినప్పుడల్లా ఎడమ హెడ్‌లైట్ లయగా తగ్గి పెరుగుతోంది. కుడి ఇండికేటర్‌కు అలా జరగడం లేదు.

తీగలమాస్టారు:
అయితే ఎడమవైపు ఎర్త్ పోయింది, అంటే కరెంటు బల్బులోంచి బండి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. ఇది ఒకసారి అర్థమైతే ఇలాంటి లోపాన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

హెచ్4 బల్బుకు మూడు కాళ్లు. ఒకటి లో బీమ్‌కు, ఒకటి హై బీమ్‌కు, మూడోది రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఎర్త్. కరెంటు లో బీమ్ తీగలోంచి వచ్చి ఉమ్మడి కాలి ద్వారా బాడీలోకి దిగాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఆగిపోదు, వేరే దారి వెతుక్కుంటుంది. ఉమ్మడి కాలి దగ్గర నుంచి అదే బల్బులోని హై బీమ్ తీగలోకి ఎదురెక్కుతుంది. అక్కడి నుంచి హై బీమ్ వైరు పట్టుకుని కుడి బల్బుకు వెళ్లి, దాని హై బీమ్ తీగ గుండా కుడివైపు ఎర్త్‌లోకి దిగుతుంది. దారిలో నీలం గుర్తుకూ కొంత వోల్టేజీ అందుతుంది. ఒక తీగకు రావలసిన వోల్టేజీని మూడు తీగలు పంచుకుంటున్నాయి కాబట్టే ఆ నీరసం.

పాసింగ్ కొట్టినప్పుడు హై బీమ్ వైరులోకి కూడా బ్యాటరీ వోల్టేజీ వస్తుంది. ఎదురెక్కే దారి అప్పుడు మూసుకుపోతుంది. రెండువైపులా ఒకే వోల్టేజీ ఉంటే కరెంటు ఎటు పారుతుంది? అందుకే ఎడమ దీపం ఆరిపోతోంది. ఇండికేటర్ కూడా అదే ఎర్త్ బోల్టును వాడుకుంటోంది, కాబట్టి అదీ హెడ్‌లైట్‌ను ఊపుతోంది. మూడు లక్షణాలూ ఒక్క చోటునే చూపిస్తున్నాయి.

మీటరుముల్లు:
మాస్టారి మాటకు మీటరుతో రుజువు తీసుకుందాం. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టండి. ఇంజన్ నడుస్తూ, లో బీమ్ వెలుగుతూ ఉండాలి. కనెక్టర్‌ను బల్బు నుంచి ఊడదీయవద్దు. వెనుకవైపు నుంచి, వైరు లోపలికి వెళ్లే సందులో సన్నని సూది దూర్చి, ఆ సూదికి ప్రోబు, అంటే మీటరు వైరు కొసన ఉండే మొన, తాకించండి. అలా దూర్చేటప్పుడు సూది రెండు టెర్మినళ్లనూ ఒకేసారి తాకకుండా చూసుకోండి. ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులు, వైర్లు జాగ్రత్త.

నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబు బల్బు ఎర్త్ కాలి మీద పెట్టి చూడండి. అక్కడ 0.1 లేదా 0.2 వోల్టుకు మించకూడదు. తర్వాత ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది బల్బు లో బీమ్ కాలి మీద పెట్టండి. అక్కడ 0.5 వోల్టు దాకా ఉండటం మామూలే. ఇదే కొలత కుడివైపు కూడా తీయండి. బాగున్న వైపు కొలత పక్కన ఉంటే లోపం దానంతట అదే బయటపడుతుంది.

ఒక్క మినహాయింపు. కొన్ని జపాన్ తయారీ కార్లలో ఉమ్మడి కాలికి పాజిటివ్ నేరుగా వస్తుంది, స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. లైట్లు ఆపి ఉన్నా ఉమ్మడి కాలి మీద 12 వోల్టులు కనిపిస్తే మీది ఆ రకం అనుకోండి. అప్పుడు ఈ కొలతలను తిరగేసి చదువుకోవాలి.

కొత్తచక్రం:
ఒక సందేహం. మీటరులో బీప్ శబ్దం వచ్చే స్థానం ఉంటుంది కదా. ఎర్త్ వైరుకు అటూ ఇటూ ప్రోబులు పెట్టి, బీప్ వస్తే వైరు బాగున్నట్టే అనుకునేదాన్ని. ఇంత శ్రమ ఎందుకు?

మీటరుముల్లు:
మంచి ప్రశ్న. చాలామందిని రోజుల తరబడి తిప్పే చోటు ఇదే. మీటరు బీప్ కోసం పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. హెడ్‌లైట్ బల్బుకు కావలసింది నాలుగున్నర ఆంపియర్లకు పైనే. పది పోగుల వైరులో తొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది. దీపం వెలిగేంత కరెంటు మాత్రం ఆ ఒక్క పోగు మోయలేదు.

పైగా చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా బీప్ కొడతాయి. 12 వోల్టుల, 55 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 2.6 ఓమ్‌లు. అంటే తుప్పు పట్టిన బోల్టు దగ్గర 3 ఓమ్‌లు చేరితే అది బల్బు కన్నా పెద్ద అడ్డు. మీటరు మాత్రం అదేమీ పట్టనట్టు బీప్ అంటుంది. అందుకే దీపం వెలుగుతుండగా, అసలు కరెంటు పారుతుండగా వోల్టేజీ నష్టం కొలవాలి. నా మాట ఒక్కటి గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

రాత్రిబాట:
కొలిచాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు.
ఎడమ ఎర్త్ నష్టం 4.8. కుడి ఎర్త్ నష్టం 0.09.
ఎడమ పాజిటివ్ నష్టం 0.6. కుడి పాజిటివ్ నష్టం 0.55.
4.8 చూసి మీటరు తప్పేమో అనుకుని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే.

మీటరుముల్లు:
మీటరు తప్పు కాదు. 14.1లోంచి 0.6, 4.8 తీసేస్తే ఎడమ బల్బుకు చేరేది 8.7 వోల్టులు. కుడి బల్బుకు దాదాపు 13.5. హాలోజన్ బల్బు కాంతి వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఉజ్జాయింపుగా వోల్టేజీ 3.4వ ఘాతం చొప్పున పడిపోతుంది. ఆ లెక్కన మీ ఎడమ దీపం కుడిదానిలో పావు వంతు కాంతి కూడా ఇవ్వడం లేదు. మీ భయంలో న్యాయం ఉంది. ఇది బాగయ్యేదాకా చీకట్లో నెమ్మదిగా వెళ్లండి, వీలైతే వేరే బండి వాడండి.

తీగలమాస్టారు:
ఇప్పుడు ఒక వైరు తీసుకుని ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను ఎడమ బల్బు ఎర్త్ కాలికి తాకించండి. దీపం వెంటనే తెల్లగా వెలిగితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ తాత్కాలిక వైరునే శాశ్వతంగా వదిలేయకండి. కొందరు అలా వదిలేస్తారు. అసలు బోల్టు మీద ఇండికేటర్, పార్కింగ్ లైటు, కొన్ని బండ్లలో హారన్ కూడా ఆధారపడి ఉంటాయి. వాటి బాధ అలాగే మిగిలిపోతుంది.

పాతబండి:
ఎర్త్ బోల్టు సాధారణంగా హెడ్‌లైట్ వెనుక, లోపలి రేకు మీద ఉంటుంది. కొన్నిటిలో బ్యాటరీ తట్ట కింద. బల్బు కనెక్టర్ నుంచి వచ్చే నల్ల వైరును, కొన్ని కంపెనీల బండ్లలో గోధుమ రంగు వైరును, పట్టుకుని వెళ్లండి. రెండు మూడు వైర్లు కలిసి గుండ్రటి టెర్మినల్‌తో ఒక బోల్టు కింద కనిపిస్తాయి.

నాదొక ప్రశ్న. ఎడమవైపు ఎప్పుడైనా దెబ్బ తగిలి రేకు పని, పెయింటింగ్ చేయించారా?

రాత్రిబాట:
చేయించాను. రెండేళ్ల క్రితం ఎడమ ముందు భాగానికి దెబ్బ తగిలితే సరిచేయించి, ఆ వైపంతా మళ్లీ రంగు వేయించాను. మీకెలా తెలిసింది?

పాతబండి:
రంగు కరెంటును పోనివ్వదు. రంగు వేశాక దాని మీదనే టెర్మినల్ పెట్టి బోల్టు బిగించేస్తారు. బోల్టు మరల ద్వారా మాత్రమే ఎర్త్ అందుతూ ఉంటుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచి మరలకు తుప్పు పట్టగానే ఆ కొద్దిపాటి దారి కూడా పోతుంది. రేకు పని జరిగిన ఏడాది రెండేళ్లకు ఇలాంటి ఫిర్యాదు రావడం నేను చాలా బండ్లలో చూశాను. ఆ పని చేసేవాళ్లు ఒక్క నిమిషం గరుకు కాగితం పడితే సరిపోయేది. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఒకరి నిర్లక్ష్యం ఇంకొకరి రాత్రి ప్రయాణం మీద పడుతుంది.

వెన్నెలదారి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నా సమస్య కొంచెం వేరు. లో బీమ్ వేసిన పావుగంట, ఇరవై నిమిషాలకు రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోతాయి. హై బీమ్ మాత్రం వెలుగుతుంది. కాసేపు ఆపి మళ్లీ వేస్తే లో బీమ్ వస్తుంది. నిన్న మలుపు మధ్యలో ఆరిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే చేతులు వణుకుతున్నాయి. రెండు బల్బులూ ఒకేసారి పోవు కదా?

తీగలమాస్టారు:
పోవమ్మా. రెండూ ఒకేసారి ఆరి, ఒకేసారి వస్తున్నాయంటే లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది. లో బీమ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్), దాని సాకెట్, లేదా స్టీరింగ్ దగ్గరి స్విచ్. వేడెక్కాక ఆరి, చల్లబడ్డాక వస్తోందంటే నా మొదటి అనుమానం రిలే మీదే.

రిలే కింద నాలుగు కాళ్లకు అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, 87 నుంచి దీపాలకు వెళుతుంది. 85, 86 ఆ రెండింటినీ కలిపే లోపలి కాయిల్‌వి. మీ ఫ్యూజు పెట్టె మూత మీద పటం ఉంటుంది. హారన్ రిలే మీద అదే నంబరు ముద్రించి ఉంటే రెండింటినీ మార్చి వేసి చూడండి. దీపాలు ఇక ఆరకపోతే దొంగ దొరికినట్టే. ఆరితే ఆ క్షణంలో కొలవండి. 85, 86 మధ్య 12 వోల్టులు ఉండి, 30 మీద కరెంటు ఉండి, 87 మీద లేకపోతే తప్పు రిలేది. కాయిల్‌కే వోల్టేజీ రాకపోతే స్విచ్ వైపు వెళ్లాలి. స్టీరింగ్ కింద విప్పవలసి వస్తే మాత్రం ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగండి, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లతో చేయించుకోవడమే మంచిది.

ఇది తేలేదాకా దయచేసి చీకట్లో ఆ బండి తీయకండి.

కొత్తచక్రం:
ఫ్యూజు కొంచెం పెద్దది వేస్తే ఇలా ఆరిపోకుండా ఉంటుందా?

తీగలమాస్టారు:
వద్దు, ఎప్పుడూ వద్దు. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, వైరును. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఉన్న చోట 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు వేస్తే, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకన్నా ముందు వైరు తొడుగు కరుగుతుంది. పక్కనే ఇంకో ఇరవై వైర్లు ఉంటాయి. ఇలా మొదలైన మంటలు నా కళ్లతో చూశాను. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే ఎందుకు పోతోందో వెతకాలి. పైగా వెన్నెలదారి గారి దీపాలు వాటంతటవే తిరిగి వస్తున్నాయి. కాలిన ఫ్యూజు తిరిగి రాదు కదా, అక్కడ ఫ్యూజుకు సంబంధమే లేదు.

రాత్రిబాట:
దొరికింది! పాతబండి గారు చెప్పింది అక్షరాలా నిజం.

బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె జరిపి చూస్తే హెడ్‌లైట్ వెనుక బోల్టు కనిపించింది. దాని కింద మూడు వైర్లు. బోల్టు విప్పితే టెర్మినల్ అడుగున బండి రంగు నిగనిగలాడుతూ ఉంది. బోల్టు మరలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. టెర్మినల్ మీద పచ్చటి చిలుము. టెర్మినల్ పరిమాణం మేరకు రేకును గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాను. వైర్ల కొసలు కొంత దూరం నల్లబడి ఉంటే, మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త టెర్మినల్ నొక్కించాను. కొత్త బోల్టు, పళ్ల వాషరు వేసి బిగించాను.

ఇప్పుడు ఎడమ ఎర్త్ నష్టం 0.06. నీలం గుర్తు లో బీమ్‌లో పూర్తిగా ఆరిపోయింది. ఇండికేటర్ వేసినా హెడ్‌లైట్ కదలడం లేదు. గోడ మీద రెండు వెలుగులూ ఒకేలా పడుతుంటే చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. మాస్టారూ, మీటరుముల్లు గారూ, పాతబండి గారూ, మీ ముగ్గురి మేలు మరచిపోను.

తీగలమాస్టారు:
చాలా సంతోషం. వైరు కొస కత్తిరించడం చాలామంది చేయని పని. నల్లబడిన రాగి మీద కొత్త టెర్మినల్ నొక్కితే ఆరు నెలల్లో మళ్లీ అదే కథ. బిగించిన తర్వాత పైన గ్రీజు గాని, రంగు గాని పూయండి. లోహం లోహం తాకే చోట ఏమీ పూయవద్దు, బయటి నుంచి తడి చేరకుండా ఉంటే చాలు.

పాతబండి:
ఇప్పుడు పాజిటివ్ వైపు 0.6 సంగతి కూడా చూడండి. దీపాలకు నేరుగా బ్యాటరీ నుంచి మందపాటి వైరు, రిలేలు వేసుకుంటే ఇంకా కాంతి పెరుగుతుంది. నా పాత బండిలో హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్‌లోంచే వెళ్లేది, 1.9 వోల్టులు దారిలోనే పోయేవి. రిలేలు వేశాక రోడ్డు కొత్తగా కనిపించింది.

మీటరుముల్లు:
మీ బండికి అది సరైన పనే. ఈ బండికి నేను ఒప్పుకోను. ఇందులో 0.6ను 0.2కు తగ్గిస్తే పెరిగే కాంతి పదో వంతు. అదే సమయంలో వోల్టేజీ 3 శాతం పెరిగినందుకు బల్బు ఆయుష్షు మూడో వంతు తగ్గుతుంది. దానికోసం బాగున్న వైర్ల కట్టను కోసి నాలుగు కొత్త అతుకులు పెట్టడం అంటే రేపటి లోపాలకు నాలుగు చోట్లు సిద్ధం చేయడమే. 1 వోల్టు దాటి పోతుంటే అప్పుడు ఆలోచించాలి.

పాతబండి:
అతుకుల విషయంలో మీ మాట సబబే. 1 వోల్టు హద్దుగా పెట్టుకోవడం నాకూ నచ్చింది.

కొత్తచక్రం:
నా మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఎల్‌ఈడీ వేసి ఉంటే ఏమయ్యేది?

తీగలమాస్టారు:
మాట ఇచ్చాను, చెబుతాను. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి పాడైన ఎర్త్ మీద కూడా కొన్నాళ్లు ఎలాగో వెలిగేది, లేదా మినుకుమినుకుమనేది. జబ్బు అలాగే ఉండి నొప్పి మాత్రం తెలియకుండా పోయేది. ఈలోగా ఇండికేటర్, పార్కింగ్ లైటు అదే బోల్టుతో బాధపడుతూ ఉండేవి.

రెండోది ఇంకా ముఖ్యం. హాలోజన్ రిఫ్లెక్టర్‌ను ఆ సన్నని తీగ ఎక్కడ ఉంటుందో లెక్కకట్టి దాని చుట్టూ మలుస్తారు. వేరే ఆకారంలో ఉన్న దీపం అందులో పెడితే వెలుతురు రోడ్డు మీద పడవలసిన చోట పడదు, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. మనకు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి బాగుందనుకుంటాం. ఎదుటి మనిషికి మనం కనిపించం, రోడ్డూ కనిపించదు. చాలా దేశాల్లో హాలోజన్ యూనిట్‌లో అలాంటి బల్బు వేయడం నిషేధం కూడా. బండి తయారైనప్పుడే ఎల్‌ఈడీతో వస్తే అది వేరే విషయం.

100 వాట్ల హాలోజన్ వేసుకోవడం కూడా ఇలాంటిదే. కరెంటు దాదాపు రెట్టింపవుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కరిగి బల్బుకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నవి ఎన్నో ఊడదీశాను.

వెన్నెలదారి:
రిలేలు మార్చి చూశాను మాస్టారూ. ఇంటి ముందే గంటన్నర వెలిగించి ఉంచాను, ఒక్కసారి కూడా ఆరలేదు. పాత రిలే మూత తీసి భూతద్దంతో చూస్తే, ఒక కాలి చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని పగులు గుండ్రంగా కనిపించింది. వేడికి విచ్చుకుని, చల్లబడ్డాక మళ్లీ తాకుతోందన్నమాట. కొత్త రిలే కొన్నాను. ఇప్పుడు హారన్ కూడా దాని చోట అది పనిచేస్తోంది.

తీగలమాస్టారు:
మంచి పని చేశావమ్మా. ఇంకొక్కటి చూడు. రిలే కూర్చునే సాకెట్‌లో 30, 87 కాళ్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? రిలే తోసినప్పుడు గట్టిగా పట్టుకుంటోందా, లేక వదులుగా జారిపోతోందా? ఆ లోపలి రేకు సాగిపోయి ఉంటే కొత్త రిలే కూడా వేడెక్కి అదే దారి పడుతుంది.

వెన్నెలదారి:
రంగు మారలేదు. 87 కాస్త వదులుగా అనిపించింది, మిగిలినవి గట్టిగానే ఉన్నాయి. రేపు ఆ ఒక్క టెర్మినల్ మార్పించి, అరగంట వెలిగించాక దాని మీద వోల్టేజీ నష్టం ఎంతో కొలిచి ఇక్కడ రాస్తాను.